సెర్వాసీ తాతకు మూసిన తలుపు

మే నెలలో ఆ నాలుగు రోజులూ విస్తులా నది ఒడ్డు కొండవాలు మీద ప్రతి ఇంట్లో పుల్లటి రై పిండి జావ ఉడుకుతూ ఉంటుంది. చలి తాతలు వస్తారు మరి. పన్నెండున పాంక్రాసీ, పదమూడున సెర్వాసీ, పద్నాలుగున బోనిఫాసీ, ఆఖర్న వాళ్ల చెల్లెలు జోఫియా అవ్వ. తమకు నచ్చిన గుమ్మం ముందు ఆగుతారు. కడుపు నిండితే చలిని వెంటబెట్టుకుని పోతారు. నిండకపోతే ఏదో ఒక తోటలో పడుకుంటారు. పడుకున్న చోట చిగుళ్లు మాడిపోతాయి.

ఓనుఫ్రి ఆపిల్ చెట్లు కొట్టించి ద్రాక్ష వేసి నాలుగేళ్లయింది. అతన్ని చూసి పక్కింటి బోగ్నా కూడా వేసింది. భర్త పోయాక ఆమెకు ఆ తోటే ఆధారం. తీగ కత్తిరించడం దగ్గర్నుంచి అన్నీ అతనే నేర్పాడు. ఇద్దరికీ ఈ ఏడే తొలి కాపు.

పదమూడున తోట చూడ్డానికి క్రాకోవ్ పట్నం నుంచి ఇద్దరు హోటలు యజమానులు వచ్చారు. ఓనుఫ్రి బల్ల మీద తెల్లగుడ్డ పరిచాడు. సరిగ్గా అప్పుడే సెర్వాసీ తాత నీళ్లు కారే కోటుతో, బురద బూట్లతో గుమ్మంలో నిలబడ్డాడు. ఓనుఫ్రికి తల కొట్టేసినట్టయింది. ఇవాళ కుదరదని తలుపు వేసేశాడు. ఎవరో దారిన పోయే ముసలాడని అతిథులకు చెప్పాడు.

తాత పోయి బోగ్నా తోటలో పడుకున్నాడు. తెల్లారేసరికి ఆమె చిగుళ్లన్నీ నల్లబడ్డాయి. ఓనుఫ్రివి మాత్రం నవనవలాడుతున్నాయి. ఆ పచ్చదనం చూడలేక అతను కిటికీ తెర లాగేసుకున్నాడు.

పదిహేనున జోఫియా అవ్వ బోగ్నా ఇంట్లో కూర్చుంది. సాయానికని ఓనుఫ్రి కూడా వెళ్లాడు. మాడిన తీగలకు అప్పుడే రెండో మొలకలు ఉబ్బుతున్నాయి. అవీ పోతే బోగ్నాకు ఈ ఏడు పంట లేనట్టే. అవ్వ చెంచా ముట్టలేదు.

"మా సెర్వాసీ అన్నకి పెట్టని జావ నాకెందుకే? నిద్రొస్తోంది. ఆయన పడుకున్న చోటే ఓ కునుకు తీస్తా."

"ఆయన మా ఇంటికి రానేలేదవ్వా," బోగ్నా కళ్లు తుడుచుకుంది. "నా జావ వాసనే నచ్చలేదేమో."

ఓనుఫ్రి సిగ్గుతో చచ్చిపోయాడు.

"మా ఇంటికే వచ్చాడు," అన్నాడు నేలచూపులు చూస్తూ. "పట్నం వాళ్ల ముందు నామోషీ అనిపించి నేనే తలుపేశాను."

బోగ్నా జావ గిన్నె పక్కకి జరిపింది.

"రెండ్రోజుల్నించీ నా చేతినే తిట్టుకుంటున్నానన్నా," అంది. "నువ్వు గోడ అవతలే ఉన్నావు."

ఓనుఫ్రి లేచాడు. అవ్వ చెయ్యి పట్టుకుని తన తోటలోకి నడిపించాడు. అన్నిటికన్నా బాగా చిగిర్చిన వరసల మధ్య గడ్డి పరిచాడు. అవ్వ నడుం వాల్చగానే చుట్టూ ఆకులు వణికాయి. సిగ్గు పోలేదు గానీ చేతులు మాత్రం తడబడలేదు. మధ్యలో లేచి పక్క తోటలోకి పోతుందేమోనని ఇంట్లోంచి ఉన్ని దుప్పటి తెచ్చి మెడదాకా కప్పాడు.

"తెల్లారేదాకా లేవకవ్వా," అన్నాడు.