ఐదు స్టార్ల క్వార్టరు

పొద్దున్నే కిరండూల్ నుంచి దిగే ఇనుపరాయి బండి వెళ్ళిపోయాక, రైల్వే క్వార్టర్ల ఆడవాళ్ళు గుమ్మాల ముందు ఎర్రదుమ్ము ఊడ్చి, తడిబట్టలు పట్టుకుని గురమ్మ ఇంటికి వచ్చేవారు. చలికాలం ఆ కొండల్లో చీర ఆరాలంటే రెండ్రోజులు పట్టేది. గురమ్మ ముందుగది గోడకి ఆనిస్తే వంట అయ్యేలోగా ఆరిపోయేది.

ఆ గోడ ఆమె మొగుడు తాతబాబుది. గేంగ్‌మన్‌గా చేసినన్నాళ్ళూ డ్యూటీ దిగి వచ్చి, కాళ్ళు బారజాపి, అక్కడే వీపు ఆనించేవాడు. కొండచరియ విరిగి పట్టాల మీద పడినప్పుడు మనిషి పోయాడు గానీ, అతని ఒంటి వెచ్చదనం పోలేదు. తలనూనె మరక చుట్టూ గోడ అలాగే ఉండిపోయింది. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. "కాస్త జరుపు గురమ్మా, నా లంగా కూడా ఆనిస్తాను" అని పక్కింటి రత్నం అనడం తప్ప.

ఆ ఏడు గురమ్మ కోడలు ప్రమీలారాణికి ఏడో నెలలోనే ఆడపిల్ల పుట్టింది. ఇంతంటే ఇంత. దంతెవాడ ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక్కటే చెప్పింది, పిల్ల ఒళ్ళు చల్లబడకూడదని. కుంపటి పెడితే పొగకి ఊపిరాడలేదు. హీటరు పెడదామంటే, గనికి ఏనాడూ పోని కరెంటు క్వార్టర్లకి మాత్రం పూటపూటా పోయేది. అందుకని తాతబాబు గోడ పక్కనే పడుకోబెట్టారు. తాత వీపెక్కి ఆడాల్సిన పిల్ల, పాపం, ఆ గోడని అంటుకునే పాలు తాగి నిద్రపోయేది. మెల్లగా ఒళ్ళు చేస్తోంది కూడా.

అప్పుడే వచ్చింది ఈ స్టార్ల గోల. సర్వే వాళ్ళు ఇంటింటికీ వచ్చి, ఏ ఇల్లు ఎంత కరెంటు మింగుతుందో, ఏ గోడ వేడిని ఎంత పోగొడుతుందో చూసి, ఫ్రిజ్జు మీద ఉన్నట్టు తలుపు మీద స్టార్లు అంటిస్తారట. ఒక్కటే వస్తే ఇల్లు పడగొట్టేస్తారట. ఆ తర్వాత మనుషులు ఎక్కడుండాలో మాత్రం ఒక్కడూ చెప్పడు!

సర్వే ఆయన పిస్తోలు లాంటి మిషను గోడకి గురిపెట్టాడు. తెర మీద కూర్చున్న మనిషి ఆకారం ఎర్రగా వచ్చింది.

"దీవార్ ఖరాబ్ అమ్మా. వేడి లీకవుతోంది. ఒక్క స్టారే."

"లీకేటి బాబూ? ఆయన మా ఆయన."

సర్వే ఆయన తెర వైపు మళ్ళీ చూశాడు. "సరేనమ్మా. కానీ ఆయన్ని రాయడానికి ఇందులో జాగా లేదు. గోడ లెక్కలోనే రాయాలి. రేపు పెద్ద సాబ్ చూస్తారు, ఈలోగా ఏదో ఒకటి చేసుకోండి."

రైల్వే వాళ్ళకి తనిఖీ అంటే తెలిసింది ఒక్కటే, సున్నం. ఆఫీసరు వస్తున్నాడంటే చెట్ల మొదళ్ళకీ, దారి పక్క రాళ్ళకీ కొట్టేస్తారు. ఆఫీసరూ ఆ తెలుపు చూసుకుని సంతోషంగా పోతాడు. కొడుకు జయరావు డ్యూటీకి పోతూ, "రెండు పూతలు లాగించీ అమ్మా. తెల్లగుంటే ఏ సాబూ ఏటీ అనడు" అన్నాడు. గురమ్మ కుచ్చిళ్ళు ఎగదోపి తనే కుంచె పట్టింది. నూనె మరక దగ్గర చెయ్యి ఆగింది.

"ఏటీ అనుకోకు మావా. ఇల్లుంటేనే కదా నువ్వుంటావు" అని దాని మీదా పూసేసింది.

సున్నం ఆరేసరికి గోడ చల్లబడిపోయింది. పెద్ద సాబ్ మిషను పెట్టి వాహ్ అన్నాడు. హీటరు లేదు, గీజరు లేదు, లీకు లేదు. మొత్తం క్వార్టర్లలో ఐదు స్టార్లు ఈ ఒక్క ఇంటికే. తలుపు మీద అంటించి, గురమ్మని పక్కన నిలబెట్టి ఫోటో తీసుకుని పోయాడు.

సాయంత్రానికి పిల్ల పాలు మానేసింది. పాదాలు నీలమయ్యాయి. బంద్ అని రోడ్డు మీద జీపన్నది లేదు. జయరావు పట్టాల వెంట ఎక్కడున్నాడో తెలియదు. ప్రమీలారాణి పిల్లని రొమ్ముకి అదుముకుంది గానీ, బాలింత ఒళ్ళే చలికి వణుకుతోంది. గురమ్మ అట్లకాడతో సున్నం గీకింది, గోళ్ళతో గీకింది. ఇటుక కనబడింది గానీ మరక కనబడలేదు.

"పోనాడే! నా సేతుల్తో నానే సంపీసినాను" అని బావురుమంది.

చాలాసేపు ఏడ్చి, లేచి మొహం కడుక్కుంది. తలకి నూనె రాసుకుంది, ఎప్పటికంటే కాస్త ఎక్కువే. తాతబాబు కూర్చునే చోటే కాళ్ళు బారజాపి, వీపంతా గోడకి ఆనించింది.

"గోడ మంచుగడ్డలాగుంది, అక్కడ కూకోకత్తా! సలి సంపేస్తాది."

"సంపనీ. పిల్లనిలా నా పక్కకి తే."

పొద్దున్న జయరావు వచ్చేసరికి తలుపు మీద స్టార్లు మంచుకి తడిసి ఉన్నాయి. లోపల పిల్ల గోడ పక్కన గుక్క తిప్పుకోకుండా పాలు తాగుతోంది. గురమ్మ ఒళ్ళు చల్లగా, బిగుసుకుపోయి ఉంది. తల్లిని పడుకోబెడుతుంటే జయరావు చెయ్యి గోడకి తగిలింది. అప్పుడే పొయ్యి మీంచి దించిన గిన్నెలా ఉంది గోడ. తండ్రి తల ఆనిన చోటికి జానెడు కిందగా, పొట్టి మనిషి తల ఆనేచోట, కొత్త నూనె మరక.

కర్మకాండలయ్యాక రత్నం ఓ కబురు తెచ్చింది, సర్వే వాళ్ళు మళ్ళీ వస్తున్నారని. ఊరికే రాలేదు, చేత్తో సున్నం బకెట్టు కూడా పట్టుకొచ్చింది.

ప్రమీలారాణి బకెట్టు తీసుకెళ్ళి వీధి కాలవలో కుమ్మరించింది.

"రానీ" అంటూ లోపలికొచ్చి, పిల్లని నాయనమ్మ వైపు ఇంకాస్త జరిపింది.