బరువు, బిరుసు, గట్టి

కరోనా రెండో వేవ్‌ల సూరత్‌ల సగం మగ్గాలు బంద్. మా కార్ఖానాల ఒక్కటి సుత నడుస్తలేదు. ఆఫ్రికాల, దార్-ఎస్-సలాంల బట్టల దుకాణం నడిపే జుహురా మా కొత్త బట్ట తాను ఒప్పుకుంటెనే మగ్గాలు తిరుగుతయి, లేకుంటె అమ్ముకునుడే అన్నడు బాపు. కొరియర్లు లేవు, షిప్పుల నమూనా పోవాల్నంటె నెల పడతది. బట్టెట్లుందో వీడియో కాల్‌ల నోటితోనే చెప్పాలె. ఎప్పుడూ ఆమెతోని మాట్లాడే దలాల్ జిగ్నేశ్‌భాయ్ దవాఖానల పడ్డడు. ఆమెకేమో స్వాహిలి తప్ప ఇంకేం రాదు.

నేను కంప్యూటర్ డిప్లొమా చేసినందుకు, ప్రపంచంల ఏ భాషైనా నాకొస్తదని బాపు నమ్మకం. యాప్ ఏసుకొని, ఇంగ్లిష్ అర్థాలు చూసుకుంట బట్టీ కొట్టిన. ‘లైని’ అంటే సాఫ్ట్. ‘కిజూరి’ అంటే గుడ్. ‘సాఫీ’ అంటే క్లీన్. గిదైతే మన సాఫే, ఫ్రీగొచ్చింది.

బాపుకు అప్పజెప్పిన.

“అన్ని మంచియే నేర్సుకున్నవేంది? బరువుకేమంటరు? బిరుసుకు?”

“బాపూ, మనం అమ్మనీకె కూసున్నం, తిట్టనీకె కాదు.”

“మన బట్టను మనమే మెచ్చుకునుడు మన ఇంట లేదు బిడ్డా. ముందుగాల దాంట్ల ఉన్న ఐబు, లోపం చెప్పాలె. మెచ్చుకునుడు కొనెటోళ్ల పని.”

“నన్ను చూడొచ్చిన్నాడు సుత మీ బాపుది గిదే ముచ్చట,” అన్నది అమ్మ. “‘నాకు కోపమెక్కువ, గురక పెడత’ అన్నడు. మా నాయినకు గదే నచ్చింది, ఏంజేత్తం!”

ఇగ తప్పలే. జుహురా ఫోన్‌ల కనవడంగనే “కిజితో” అన్న, బరువని. “కిగుమూ” అన్న, బిరుసని. ఆమె పక్క దుకాణపామెను పిలిచి, గిట్ల సుత అమ్ముతరా అన్నట్టు మమ్మల్ని చూపెట్టింది. ఆర్డర్ పోయిందనుకున్న.

“ఇమారా?” అనడిగింది జుహురా. గట్టిదేనా అని.

“గది నేను జెప్ప,” అన్నడు బాపు. తాను ఒక కొస అమ్మ చేతికిచ్చి, ఇంకో కొస పట్టుకొని గుంజిండు. అమ్మ సుత తగ్గలే. ఆఖరికి చెప్పు జారి అమ్మ కూలవడ్డది గని బట్ట చినగలే.

జుహురా కండ్లెంట నీళ్లొచ్చేటట్టు నవ్వి, “బాబా యాకో ని మ్‌క్వేలి” అన్నది. ఆఖరి మాట నాకు తెల్వది. యాప్‌ల కొట్టి చూసిన.

“ఏమంటుందే?”

“నువ్వు నిజం చెప్పెటోనివంట.”

బాపు చెవులు ఎర్రగైనయి. “నా సంగతెందుకు? తాన్ల సంగతడుగు.”

అడిగిన. వచ్చే షిప్పుకే పంపుమన్నది. అమ్మ కింద కూసునే చప్పట్లు కొట్టింది. బాపు ఫోన్‌కు దండం పెట్టి, నా చెవుల గొణిగిండు: “రెండు ఉతుకులకు రంగు జర వెలుస్తదని సుత చెప్పు.”

గసుంటి మనిషికి ఎదురు చెప్పబుద్ధి కాలే. జుహురాను ఒక్క నిమిషం ఆగుమని సైగ చేసి, వెలుసుడుకు మాట ఎతకవట్టిన.