వచ్చే దారి లెక్క

విమానాల ప్రయాణానికి లెక్కలు వేసే ఆఫీసులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్న అక్కకి తన ఊరికీ, చెల్లెలి భర్త పనిచేసే రేవు పట్నానికీ మధ్య విమాన దూరం కంఠతా వచ్చు. ఏడు వేల ఆరువందల కిలోమీటర్లు, తొమ్మిది గంటల పది నిమిషాలు. నిద్రలో లేపి అడిగినా చెప్పేస్తుంది. ఆఫీసులో ఆమెకి గడియారమ్మ అని పేరు పెట్టారు. పైకి విసుక్కునేది గాని, లోపల ఆమెకి ముచ్చటే.

అందుకే ఆస్పత్రి మంచం మీద నుంచి చెల్లెలు, ఆయన ఎప్పటికొస్తారని అడిగితే కాగితం కూడా తీయలేదు. మరిది ఆ దూరపు రేవులో ఓడల మెకానిక్. సెలవు దొరకలేదంటూ రెండుసార్లు వస్తానని రాలేదు. ఈసారి, మన గడియారం ప్రకారం తెల్లవారి అయిదింటికి విమానమని ఫోన్ చేశాడు.

"మధ్యాహ్నం రెండూ పదికి దిగి, మూడింటికల్లా నీ పక్కనుంటాడు," అంది అక్క.

రోగం చేయిదాటింది. ఇంజెక్షన్ ఇస్తే నొప్పి తెలియదు గాని, ఆ నిద్రలోంచి మళ్లీ లేవడం అనుమానమేనన్నాడు డాక్టరు. మూడింటిదాకా ఓర్చుకుంటాను, ఆయనతో నాలుగు మాటలు మాట్లాడాక ఇవ్వండి అంది చెల్లెలు.

ఓర్చుకోవడమంటే మాటలా! దుప్పటి అంచు నోట్లో కుక్కుకుని, గోడ గడియారం వైపే చూస్తూ పళ్ల బిగువున గడిపింది. ఇంకో గంటే, ఇంకో అరగంటే అని అక్క ఊరడించింది. మూడయింది. మూడుంపావయింది. అక్క కాలుగాలిన పిల్లిలా వరండాలో తిరుగుతూ విమానం వాళ్లని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. ఆఫీసుకి ఒక్క ఫోన్ చేస్తే పోయేది. తన నోటి మీదున్న లెక్కని ఇంకొకర్ని అడగడమేమిటన్న పౌరుషం అడ్డొచ్చింది.

మూడున్నరకి చెల్లెలి ఓపిక అయిపోయింది.

"నీ లెక్క తప్పదు కదక్కా. ఆయనే ఎక్కి ఉండరు. ఇంజెక్షన్ ఇవ్వమను."

ఇంజెక్షన్ ఇచ్చి, చెల్లెలు నిద్రలోకి జారుకున్నాక, నాలుగూ నలభైకి మరిది సంచీతో పరుగెత్తుకొచ్చాడు. విమానం లేటయిందా అని అక్క గద్దించినట్టే అడిగింది.

"లేదు వదినా, టైముకే దిగింది. ఇటొచ్చేటప్పుడు ఎదురుగాలి కదా, ఎప్పుడూ పదకొండు గంటలు పడుతుంది."

అక్కకి అప్పుడు తట్టింది. వాళ్ల ఆఫీసు వేసేది ఇక్కడి నుంచి వెళ్లే విమానాల లెక్కలే. వచ్చేవాటి సంగతి అక్కడివాళ్లు చూసుకుంటారు. వెళ్లేవాళ్లని గాలి వెనక నుంచి తోస్తుందని రోజూ రాసే మనిషి, అదే గాలి వచ్చేవాడికి ఎదురవుతుందని మరిచిపోయింది.

మరిది చెల్లెలి చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. నేను బయల్దేరానని తనకి తెలుసు కదా వదినా అని అడిగాడు. తెలుసంది అక్క. ఇంకేం చెప్పగలదు? అతను మొహం కడుక్కోవడానికి వెళ్లాక చెల్లెలి చెవి దగ్గరికి వంగింది.

"ఆయన ఎక్కాడే. లెక్క నాదే తప్పింది."

చెల్లెలు మళ్లీ కళ్లు తెరవలేదు.