పాత కన్సోలుకి కవల

కోడలు మొండిఘటం. తన చేతికి లొంగని రేడియో లేదని పెళ్లికి ముందే పేరు తెచ్చుకున్న మనిషి, పెళ్లయ్యాక ఊరుకుంటుందా? ఇంటి వెనకగదిని వర్క్‌షాపు చేసేసి, మీటలూ గుబ్బలూ నిండిన పాతకాలం రికార్డింగు కన్సోళ్లలో ఉండే ప్రీయాంపులకి నకళ్లు తయారుచేయడం మొదలుపెట్టింది. మైకు పట్టిన సన్నని చప్పుడును పెంచి ముందుకు పంపే పెట్టె అది. గొంతు నిండుగా వినిపించడం, పీలగా వినిపించడం చాలావరకు దాని చేతిలోనే ఉంటుంది.

ఈసారి వచ్చిన పని అల్లాటప్పాది కాదు. పేరున్న స్టూడియో యజమాని తన కన్సోలులోంచి ఒక ఛానెలు, అంటే ఒక మైకుకి సరిపడా ప్రీయాంపు భాగం, ఊడదీయించి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన తన చెవుల గురించి చెప్పుకునే గొప్పలు విని విని, ఇంట్లో వాళ్లు ఆయనకి చెవులాయన అని పేరు పెట్టుకున్నారు.

"దీనికి కవలపిల్లను చెయ్యమ్మా. రెండింటికీ తేడా తెలిసిందో, ఆర్డరు లేనట్టే" అన్నాడు. ఆయన కాదంటే మిగతా స్టూడియోల వాళ్లు ఆమె గడప తొక్కరు.

ఆ చెవులాయనే కొన్నాళ్ల కిందట ఆమె అత్తగారిని పక్కన పెట్టేశాడు. అత్తగారు గాయని. "గొంతు పలచబడిందండీ, మంద్రంలో మునుపటి నిండుదనం లేదు" అని మర్యాదగానే చెప్పాడు. ఆవిడ సరేనని ఇంటికొచ్చేసింది. కోడలికి మాత్రం ప్రాణం చివుక్కుమంది. ఆ స్టూడియోలో తీసిన రికార్డింగులు వింటే తనకీ నిజమేననిపించడం మరీ కష్టంగా ఉండేది.

పాత ఛానెలులోని ప్రతి భాగం మీద రాసున్న విలువ చూసి, అచ్చం అలాంటివే తెచ్చి బిగించింది. అత్తగారిని మైకు ముందు నిలబెట్టి పాడించింది. కొత్త పెట్టెలో గొంతు నిండుగా పలికింది, పాత ఛానెలులో అంత పలకలేదు. నకలు తప్పిందని కోడలు తల పట్టుకుంది. కెపాసిటర్లు మార్చి మార్చి, మీటరు మీద రెండింటి గీతలూ కలిసిపోయేదాకా కూర్చుంది. కలిశాక ఆమె సంబరం చూడాలి.

మళ్లీ పాడించింది. అత్తగారు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, తీసేసింది.

"మొన్న పాడింది నేను. ఇవాళ పాడింది జలుబు చేసిన నేను."

"మొన్నటిది తప్పు అత్తయ్యా. ఇప్పుడు అచ్చం కన్సోలులాగే ఉంది."

"అయితే కన్సోలుకే జలుబు చేసిందేమో, చూడవే."

కోడలు పకపకా నవ్వింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. పాత ఛానెలులోంచి ఒక కెపాసిటర్ ఊడదీసి కొలిచింది. పైన రాసిన దాంట్లో సగం కూడా లేదు, ఏళ్ల తరబడి వేడికి లోపల ఎండిపోయింది, మంద్రం అక్కడే ఆగిపోతోంది. ఇంకోటి తీస్తే అదీ అంతే. పాతది కాబట్టి దాని మాటే వేదమనుకుని, దాని ముసలితనంతో సహా నకలు తీసింది.

"నా తెలివి తెల్లారినట్టే ఉంది" అంది.

"ఇలాగే పట్టుకెళ్తే ఆర్డరు నీదే కదా?" అంది అత్తగారు.

"జబ్బు మనిషికి కవలని చెయ్యమంటే నా వల్ల కాదు అత్తయ్యా. పోతే పోనీ."

తీసినవి పాత ఛానెలులో మళ్లీ పెట్టేసింది. తన పెట్టెలో మాత్రం సరైన విలువలే బిగించి, రెండు పెట్టెలతో పాటు అత్తగారినీ వెంటబెట్టుకుని స్టూడియోకి వెళ్లింది.

అత్తగారిని చూసి చెవులాయన కాస్త ఇబ్బంది పడ్డాడు. పరీక్షకే కదా అని ఒప్పుకున్నాడు. అద్దం అవతల ఆవిడ పాడుతుంటే ఇవతల పెట్టెలకి వీపు తిప్పి కూర్చున్నాడు. కోడలు మైకు వైరు మారుస్తూ ఒకసారి ఒక పెట్టెలోంచి, ఇంకోసారి రెండోదాంట్లోంచి అదే పాట వినిపించింది.

"తేడా ఉంది" అన్నాడు.

కోడలు వెనక్కి తగ్గలేదు. "ఉంది. నేను కావాలనే ఉంచాను."

"మొదటిది నీ నకలు. బాగానే చేశావు కానీ కింద పలచన. రెండోది మా కన్సోలు. నేను ఈ స్టూడియో పెట్టిన కొత్తలో విన్నది ఇదే, నిద్రలో లేపి అడిగినా చెప్తా."

"వైరు ఎటు పోయిందో చూడండి."

తిరిగి చూశాడు. మైకు వైరు కొత్త పెట్టెలోకే పోయింది.

"అయితే ఇన్నాళ్లూ ఆవిడ గొంతు..." అన్నాడు.

మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. అద్దం అవతలి నుంచి అత్తగారి గొంతు స్పీకర్లలో నిండుగా పలికింది. "ముసలిదైంది మీ కన్సోలండీ. నేను కాదు."

చెవులాయన గబగబా ఆర్డరు మాట ఎత్తాడు. కోడలు కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆర్డరు సంగతి తర్వాత. మా అత్తయ్యకి రికార్డింగు ఎప్పుడో ముందు అది చెప్పండి."