మట్టిరంగు కోటు

ఫ్రాన్స్‌లోని నాంత్ నుంచి సైకిళ్ల మీద బయలుదేరి పదకొండు రోజులైంది. పగలంతా తొక్కడం, పొద్దు వాలాక ఏ అడవి అంచునో డేరా వేసుకోవడం గిలేన్‌కూ ఆమె భర్త ఎర్వేకూ ముప్పై ఏళ్ల అలవాటు. స్థలం ఎవరిదో కనుక్కుని అడగడం మాత్రం ఎర్వేకు గిట్టదు. అడిగితే వద్దంటారని అతని అనుమానం. అందుకే డేరా ఆకుపచ్చది కొన్నాడు, వానకోటు మట్టిరంగుది కుట్టించుకున్నాడు. ఎవరి కంటా పడకుండా తెల్లారి లేచిపోవడమే అతనికి గొప్ప.

ఆ అక్టోబరు ఆదివారం పొద్దున, తుంపర పడుతుంటే అతను ఆ కోటు తొడుక్కుని, నీళ్ల డబ్బా పట్టుకుని లోయలోని ఊటకు వెళ్లాడు. చర్చికి వెళ్లలేని ఆదివారం కదా అని గిలేన్ డేరా ముందు కూర్చుని మనసులో ప్రార్థన చెప్పుకుంటోంది. అంతలో కుక్కల మెడగంటలు వినిపించాయి. ఒకటి కాదు, పది పదిహేను. ఆమె దారి మీదకు పరుగెత్తింది.

దూరానికి కనబడే నారింజరంగు చొక్కాలవాళ్లు ఇద్దరు 'వేట జరుగుతోంది' అన్న బోర్డు నిలబెడుతున్నారు. వాళ్లలో పెద్దాయన, మెడలో కొమ్ముబూర వేసుకున్న మార్సియాల్, ఆమెను ఎగాదిగా చూశాడు.

"ఎక్కణ్ణుంచి ఊడిపడ్డారు, మేడమ్?"

"మావారు కింద ఊట దగ్గరున్నారు. ఆపండి, దయచేసి."

"ఊట దగ్గరా? అడవిపందుల్ని తోలేది అటేనమ్మా! ఏం వేసుకున్నాడు?"

"మట్టిరంగు కోటు."

"ఇంకేం, తోకొక్కటే తక్కువ," అన్నాడు రెండోవాడు.

మార్సియాల్ నవ్వలేదు. "నిన్న సాయంత్రం మా తలుపు తట్టుంటే నా కొట్టంలోనే పడుకోమనేవాణ్ణి కదా! ఇంత సూపు పోసేవాళ్లం కదా!" అంటూ బూర ఎత్తాడు. అది పెదవులకు ఆనకముందే లోయలో తుపాకీ పేలింది.

'ప్రభువా, అది పందికే తగిలుండాలి,' అనుకుంది గిలేన్. వదిలిన గుండును ఇంకో ప్రాణం మీదికి మళ్లించమని దేవుణ్ణి అడగవచ్చా?

వేట ఆపమని బూర మూడుసార్లు మోగింది. లోయలోంచి ఏడుగురు వేటగాళ్లు ఒక్కొక్కరే పైకి వచ్చారు.

"ఏం పడింది?" అన్నాడు మార్సియాల్.

ఏడుగురూ తుపాకులు భుజాలకు తగిలించుకున్నారు.

"కాల్చిందెవర్రా?"

"నేను కాదు."

"నేనూ కాదు. అటువైపు వాళ్లేమో."

"అటువైపు మనవాళ్లెవరూ లేరు," అన్నాడు మార్సియాల్ నెమ్మదిగా.

వాళ్ల వెనకే ఎర్వే వచ్చాడు. నిండు డబ్బా చేతిలోనే ఉంది. చెంప మీద నెత్తురు గీత.

"గుండు దెబ్బకు చెట్టు బెరడు ఎగిరి తగిలిందే, అంతే. నీళ్లు ముంచడానికి వంగాను కాబట్టి సరిపోయింది." వాళ్లవైపు తిరిగి నవ్వబోయాడు. "ఎవరయ్యా ఆ మొనగాడు?"

తుంపర పడుతూనే ఉంది.

సైకిళ్లు సర్దుకున్నాక, వెళ్లేముందు అక్కడి మర్యాద ప్రకారం అందరితో చేయి కలపాలి. కలపకుండా పోతే ఆ ఊరిని అవమానించినట్టే. ఎర్వే కలిపాడు. గిలేన్ కూడా లోయలోంచి వచ్చినవాళ్ల చేతులు ఒక్కొక్కటే పట్టుకుని కళ్లలోకి చూసింది. అందరివీ చల్లగానే ఉన్నాయి. "జాగ్రత్తగా వెళ్లిరండి, మేడమ్," అని అందరూ అన్నారు.

క్షమించాల్సింది ఎవర్నో తెలియక, ఆమె ఏడోవాడి చేయి వదలకుండా చాలాసేపు నిలబడిపోయింది.