బొట్టు పెట్టని పిలుపు

మధ్యాహ్నం అన్నాలైన తరువాత గోడ అవతల కుట్టుమిషను మొదలయ్యేది. కాసేపు గడగడా నడిచి ఆగేది. ఆగిందంటే ఖుద్సియా మాట్లాడబోతున్నదన్నమాట.

"ఏం కూర చెల్లె ఇయ్యాల?"

"బీరకాయ," అనేది ప్రమీల, ఇవతల తీగ మీద బట్టలు ఆరేస్తూ.

"పాలు పోసినవా, పప్పేసినవా?"

"పాలు."

"మా అత్తకు పాలు పోస్తే గిట్టదు. ఒకసారి ఏమైందంటే..."

అక్కణ్ణుంచి ఖుద్సియా మాట అత్తగారి కోపం మీదుగా దమ్మపేట బస్టాండు దాకా వెళ్ళి, ఎవరి పెళ్ళిలోనో కాసేపు కూర్చుని, మళ్ళీ బీరకాయ దగ్గరికి వచ్చేది. ప్రమీల ఊ కొట్టేది. అంతకు మించి ఆమెకు చేతనయ్యేది కాదు.

"నీతోటి మాట్లాడితే రేడియోతోటి మాట్లాడినట్టుంటది చెల్లె. కాదు, రేడియోనే నయం. అదన్నా ఏదో ఒకటి చెప్తది."

ప్రమీలకు నవ్వొచ్చేది. ఆ నవ్వు కూడా గోడ దాటేది కాదు.

ఆమె దమ్మపేటకు కోడలుగా వచ్చి పద్నాలుగేళ్ళు. భర్త వెంకటనారాయణ వాళ్ళు గుడివాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొనుక్కున్నవాళ్ళు. ఇంటికి ఎప్పుడూ మనుషులే. నలుగురిలో ఒక మాట అనాలంటే ప్రమీల దాన్ని లోపల పదిసార్లు అటూ ఇటూ తిప్పి చూసుకునేది. బాగానే ఉంది, అందాం అనుకునేసరికి వాళ్ళ మాటలు మిరపతోటలో నుంచి ఎవరి పెళ్ళిలోకో వెళ్ళిపోయి ఉండేవి. కోడలికి గర్వమని కొందరన్నారు. పాపం నోట్లో నాలుక లేదని కొందరన్నారు. ఆ రెండు మాటలూ అననిది గోడ అవతలి మనిషి ఒక్కతే. ప్రమీల ఊ అంటే చాలు, దాన్నే జవాబుగా తీసుకుని ముందుకు వెళ్ళేది.

ఎనభై ఏడు కార్తీకంలో ప్రమీల కూతురు హైమకు ఓణీలు పెట్టుకున్నారు. ఆకుపచ్చ పట్టు లంగా ఖుద్సియానే కుట్టింది. పిల్లను మూడుసార్లు పిలిచి కొలతలు తీసుకుంది.

"ఎదిగే పిల్ల. లోపల జానెడు మడత పెట్టిన. విప్పుకుంటే ఇంకో రెండేండ్లు వస్తది," అని గోడ మీదుగా లంగా అందించింది. "ఏసుకొని నడుస్తుంటే నేను ఎనకనుంచి చూడాలె చెల్లె. కుచ్చులు సక్కగ పడ్డయా లేదా నిలబడితే తెల్వది, నడిస్తేనే తెలుస్తది."

ఊరంతా తిరిగి బొట్టు పెట్టి పిలవడం ఎప్పుడూ అత్తగారు రాఘవమ్మ పనే. ఆ నెలలో ఆమె మోకాలు వాచింది. కుంకుమ భరిణె కోడలి చేతిలో పెట్టింది.

"ఖుద్సియాకి మనం బొట్టు పెట్టం కదా, నోటితో చెప్పిరా. ముందు ఆవిడకే చెప్పు. పిల్లకి కుట్టిన చెయ్యి."

ప్రమీల ఒక వాక్యం తయారుచేసుకుంది. 'ఎల్లుండి మా హైమకు ఓణీలు వేస్తున్నాం, తప్పకుండా రావాలి.' దారంతా అనుకుంటూ నడిచింది. మొదటి ఇంట్లో వేలు కుంకుమలో ముంచి ఇల్లాలి నుదుట పెట్టేసరికి వాక్యం దానంతట అదే బయటికి వచ్చింది. రెండో ఇంట్లోనూ వచ్చింది. వేలికీ నాలుకకూ ఏదో ముడి పడ్డట్టు, బొట్టు పెట్టగానే మాట వచ్చేది. ముప్ఫై ఇళ్ళు పిలిచింది. ఖుద్సియా ఇంటిని ఆఖరికి ఉంచుకుంది. రోజూ మాట్లాడే మనిషే కదా, కష్టమేముంది అనుకుంది.

గుమ్మం ముందు నాలుగు జతల చెప్పులున్నాయి. ఖుద్సియా భర్త ఇద్రీస్ బంధువులు ఇల్లందు నుంచి వచ్చినట్టున్నారు. లోపల ఆడవాళ్ళు ఉర్దూలో ఏదో అనుకుని గట్టిగా నవ్వుతున్నారు. ప్రమీల భరిణె పట్టుకుని నిలబడింది. ముంచడానికి వేలు లేచి, ఆగిపోయింది. ఇక్కడ బొట్టు లేదు. బొట్టు లేకపోయేసరికి వాక్యమూ లేదు. మొదటి మాట ఏదో కూడా గుర్తు రాలేదు. లోపల మళ్ళీ నవ్వు వినిపించింది. రేపు గోడ దగ్గర చెబుదామని వెనక్కి తిరిగింది.

మర్నాడు ఇంటినిండా చుట్టాలు. గోడ దగ్గరికి వెళ్ళడానికే కుదరలేదు.

"అందర్నీ పిలిచావుగా?" అని రాఘవమ్మ అడిగింది.

"ఊ," అంది ప్రమీల.

ఓణీలు బాగా జరిగాయి. వచ్చినవాళ్ళందరూ లంగా ఎవరు కుట్టారని అడిగారు. మూడోనాడు హైమ తలదువ్వించుకుంటూ అంది, "అమ్మా, ఆ రోజు ఖుద్సియా పెద్దమ్మ మంచి చీర కట్టుకుని గుమ్మంలో కూర్చుంది. కిటికీలోంచి చూశాను. మనింటికి ఎందుకు రాలేదు?"

ప్రమీల చేతిలో దువ్వెన ఆగిపోయింది.

ఆ తరువాత మధ్యాహ్నాలు మిషను ఆగడం మానేసింది. దారం మార్చుకోవడానికి ఆగినా, ఆ వెంటనే మళ్ళీ నడిచేది. ప్రమీల ఆరిన బట్టలను కూడా తీసి దులిపి మళ్ళీ ఆరేసేది. ఏం కూర అని అడిగేవాళ్ళు లేక, ఆ రోజు ఏం వండిందో సాయంత్రానికి తనకే గుర్తుండేది కాదు. పద్నాలుగేళ్ళు ఊ కొట్టిన మనిషికి ఇప్పుడు చెప్పాల్సినవి గుట్టగా పేరుకున్నాయి. 'అక్కా, ఆ రోజు మీ గుమ్మందాకా వచ్చాను' అని గేదెకు కుడితి పెడుతూ అనేది. గేదె ముందు వాక్యం బాగానే వచ్చేది. గోడ దగ్గరికొస్తే రాదు.

మిరప కోతలు వచ్చాయి. కల్లంలో ఎర్రగా పరిచిన కాయలోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరడానికి ములకలపల్లి వైపు అడవిపల్లెల నుంచి ఆడవాళ్ళు వచ్చారు. ప్రమీల ఏటా వాళ్ళకు టీ ఇచ్చి ఇంటికి వెళ్ళిపోయేది. ఈసారి వాళ్ళ వరసలో కూర్చుంది. అంతదాకా గలగలలాడుతున్న వరస అంతా గప్‌చుప్ అయింది.

భద్రమ్మ అనే పెద్దామె కాసేపు చూసి అడిగేసింది. "ఏందమ్మా, కొంగుల కాయ కట్టుకపోతమని కావలి కూసున్నవా?"

"అయ్యో, లేదు." ప్రమీల ముఖం ఎర్రబడింది. ఇంకేమీ తోచక నిజం చెప్పేసింది. "నాకు నలుగురిలో మాట్లాడటం రాదు. మీ మధ్య కూర్చుంటే వస్తుందేమోనని."

"మిరపకాయల ముంగట కూసుంటే మాటలు రావమ్మా, తుమ్ములొస్తయి!"

సరిగ్గా అప్పుడే ప్రమీలకు తుమ్ము వచ్చింది. వెంటనే ఇంకోటి. వరసంతా విరగబడి నవ్వింది. ప్రమీల కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. చచ్చిపోయేంత సిగ్గు వేస్తుందనుకుంది గానీ వెయ్యలేదు.

"నేర్సుకునేదేముంది?" అంది భద్రమ్మ. "అడుగుడు, ఇనుడు. ఇన్నదాంట్లకెల్లి ఇంకోటి అడుగుడు."

"ఏదో ఒకటి తప్పుగా అంటే?"

"నవ్వుతరు. నవ్వితే ఏమైతది, పండ్లు కనపడతయి."

కాసేపటికి ప్రమీల అడిగింది, "మీ వైపు ఇప్పపువ్వు రాలుతోందా?"

"రాలుతుంది గానీ జల్దీ లేవాలె. లేకపోతే ఎలుగుబంటి మనకన్న ముందొస్తది."

"వస్తే ఏం చేస్తారు?"

ఆ ఒక్క ప్రశ్నతో పొద్దెక్కేదాకా ఎలుగుబంట్ల కథలే. ఒకామె మొగుడు ఎలుగుబంటిని చూసి పెళ్ళాన్ని వదిలేసి చెట్టెక్కాడట. ఇప్పటికీ ఆ ఇంట్లో కూరలో ఉప్పు తగ్గిందని అనడానికి అతనికి నోరు లేదట. ప్రమీల నవ్వుతూనే ఒక్కసారిగా ఆగిపోయింది. ఈ కథ ఖుద్సియా వింటే మిషను మీద తల ఆనించి మరీ నవ్వేది. చెప్పడానికి ఇప్పుడు తన దగ్గర కథ ఉంది. వినే మనిషే గోడ అవతల మాట్లాడకుండా ఉంది.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం అన్నం తింటూ వెంకటనారాయణ చెప్పాడు. "ఇద్రీస్ ఇల్లు ఖాళీ చేస్తున్నాడట. ఇల్లందులో వాళ్ళన్న కొట్టు పక్కనే ఇల్లు దొరికిందట. రేపు తెల్లారి లారీ."

ప్రమీల చెవి పెట్టి విన్నది. గోడ అవతల మిషను ఆగి ఉంది. మాట్లాడటానికి ఆగింది కాదు.

"మజ్జిగ?" అన్నాడతను.

"కుండలో ఉంది, వేసుకోండి," అని ఆమె వీధిలోకి నడిచింది. చేతిలో భరిణె లేదు. కుట్టించడానికి జాకెట్టు గుడ్డ అన్నా పట్టుకోలేదు.

ఖుద్సియా గదిమధ్య కూర్చుని కుట్టుమిషనును గోనెసంచిలో చుట్టి పురికొసతో కడుతోంది. తలెత్తి చూసింది. మళ్ళీ పురికొస లాగింది.

క్షమించమని అడుగుదామని వచ్చింది ప్రమీల. నోరు తెరిస్తే ఐదునెలలుగా లోపల ఇరుక్కున్నదే ముందు వచ్చింది.

"ఎల్లుండి మా హైమకు ఓణీలు వేస్తున్నామక్కా. తప్పకుండా రావాలి."

ఖుద్సియా చేతిలో పురికొస జారింది.

"ఎల్లుండా? మేం రేపే పోతున్నం గద," అంది అయోమయంగా. తరువాత అర్థమై, పెదవి బిగబట్టింది. "ఏ ఎల్లుండి చెల్లె? కార్తీకం నాటి ఎల్లుండా?"

ప్రమీల అక్కడే ఉన్న బట్టల మూట మీద కూలబడింది. "మీ గుమ్మందాకా వచ్చానక్కా. నాలుగు జతల చెప్పులున్నాయి. అందరికీ బొట్టు పెట్టి చెప్పాను. బొట్టు పెడితే మాట వచ్చింది. మీ దగ్గర బొట్టు లేదు, మాట రాలేదు. వెనక్కి పోయాను."

"అక్కా రా అంటే సరిపోతుండె. రెండు మాటలు."

"ఆ రెండే రాలేదు."

ఖుద్సియా పురికొస మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "నేనేమనుకున్ననో ఎరుకనా? కుట్టేటందుకే గానీ నలుగుట్ల కూసుండేటందుకు మనం పనికిరామేమో అనుకున్న. మీ ఆయన బాగనే మాట్లాడతడు, అత్త బాగనే మాట్లాడతది. నువ్వే అట్ల జేసినవంటే..."

ఇలాంటప్పుడు ప్రమీల లేచి వెళ్ళిపోయే మనిషి. లేవలేదు.

ఖుద్సియా పురికొస ముడి బిగించి అడిగింది, నేల చూపులు చూస్తూ. "కుచ్చులు సక్కగ పడ్డయా?"

అప్పుడు ప్రమీల చెప్పడం మొదలుపెట్టింది. హైమ గదిలోంచి హాల్లోకి నడిచొస్తుంటే కుచ్చులు ఒక్కొక్కటీ ఎలా విచ్చుకుని మళ్ళీ మూసుకున్నాయో చెప్పింది. అంచు నేలకు వేలెడు పైన ఎలా ఆగిందో, పిల్ల సిగ్గుపడి లంగా కాలికి చుట్టుకుని ఎలా తూలిందో, ఎవరు కుట్టారని ఎవరెవరు అడిగారో, పులిహోరలో పులుపు ఎలా ఎక్కువైందో, అన్నీ. మధ్యలో ఒకచోట వెనక్కి వెళ్ళి మర్చిపోయినదాన్ని కలుపుకుని వచ్చింది. ఎలుగుబంటి మొగుడి కథా చెప్పింది. ఖుద్సియా ఊ అంటోంది. గోనెసంచి మీద చెయ్యి వేసి, ఊ, ఊ అంటూ, చెట్టెక్కిన మొగుడి దగ్గర నవ్వాపుకోలేక తల మిషను మీద ఆనించేసింది. లేచేటప్పటికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఇన్ని మాటలు ఎక్కడ దాసినవే! పోయేనాడా ఇప్పేది మూట?"

ప్రమీల ఇంటికి వెళ్ళి ఆకుపచ్చ లంగా తెచ్చింది. "అప్పుడే పొట్టిదైపోయిందక్కా."

"మడత ఉన్నది గద. మిషను కట్టేసిన. ఇయ్యి, చేత్తోటి కుడత, పొద్దుగూకేసరికి అయితది."

"వద్దు. మీతో తీసుకెళ్ళండి. హైమను తీసుకుని నేనే వస్తాను. అక్కడ వేసుకుని నడుస్తుంది, మీరు వెనకనుంచి చూడండి."

"ఇల్లందుకా? నువ్వా? కొత్తగూడెంల బస్సు మారాలె తెలుసా? ఆగు, అడ్రసు రాసిస్త."

కాగితం కోసం వెతుకుతున్న ఖుద్సియా చెయ్యి పట్టుకుంది ప్రమీల.

"రాయొద్దక్కా. బస్టాండులో అడుగుతాను."

మర్నాడు తెల్లవారుజామున లారీ వెళ్ళిపోయింది. మధ్యాహ్నం అన్నాలయ్యాక గోడ అవతల ఏ చప్పుడూ లేదు. ఒక కోడి మాత్రం ఖాళీ గదిలో తిరుగుతున్నట్టుంది. ప్రమీల ఆఖరి చీర తీగ మీద వేసి, అంచులు సర్ది, కాసేపు ఆగింది.

"దోసకాయ పప్పు," అంది, ఎవరూ అడగకుండానే.

తరువాత చేతులు తుడుచుకుని, కొత్తగూడెం బస్సులు ఎన్నెన్ని గంటలకున్నాయో కనుక్కోవడానికి బస్టాండు వైపు నడిచింది.