సూది మీద రెండు గ్రాములు

నాన్న కాటాలు బాగుచేస్తారు. కొట్లో కాటా ముల్లు నిటారుగా నిలబడేదాకా మంచినీళ్లు కూడా ముట్టరు. ఆ పట్టుదల కొట్లో బాగానే ఉంటుంది. ఇంట్లో మాత్రం మా సెలవురోజును పూర్తిగా మింగేసింది.

నేను కొన్న రికార్డు ప్లేయరు చిన్నది, కొత్తవాళ్ల కోసం చేసిన చవక రకం. ఇంట్లో ఉన్న రికార్డు ఒక్కటే. అమ్మ పుట్టింట్లో విన్నది. అక్కడి ప్లేయరు పాడయ్యాక మళ్లీ వినలేదు, బట్టల మధ్య దాచుకుంది.

సూది ఉన్న కడ్డీకి వెనక ఒక బరువుంటుంది. ముందు దాన్ని తిప్పి, కడ్డీ ఎటూ వాలకుండా గాలిలో తేలేలా చేయాలి. నాన్న చిటికెలో చేసేశారు.

"ఇదీ తూకమంటే!"

"ఇంకా అవలేదు నాన్నా. ఇప్పుడు రెండు గ్రాముల దాకా బరువు ముందుకు తిప్పాలట. దీంతో వచ్చిన పుస్తకంలో ఉంది."

"తిప్పితే ఒరగదూ?"

"ఒరగాలి."

"ఒరిగిన కాటా నా చేతిలోంచి ఇంతవరకూ బయటికి పోలేదే. ఆ పుస్తకం రాసినవాడు జన్మలో కాటా చూసుండడు."

సూది దించారు. అది నిలవకుండా చర్రుమని లోపలికి జారిపోయింది. మళ్లీ దించారు. మళ్లీ చర్రు. బల్ల ఎగుడుదిగుడుగా ఉందని కాళ్ల కింద అట్టముక్కలు దోపారు. స్పీకర్లు బల్లను అదరగొడుతున్నాయని వాటిని స్టూళ్ల మీదికి మార్చారు. అది మంచిపనే. చర్రుమనడం ఇంకా శుభ్రంగా వినిపించింది.

"ఏవండీ, అది పాట. గిన్నె తోమడం కాదు," అంది అమ్మ.

"నువ్వుండవే, కుదురుతోంది."

"మీకు కుదిరేలోపు నాకేం మిగలదు."

ఇంకోసారి జారగానే అమ్మ లేచి వచ్చి రికార్డు లాక్కుంది. వెలుతురుకి పట్టి చూసింది. నల్లటి మెరుపు మీద సన్నటి వంపు గీత. "ఇక ఇవ్వను," అని దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాన్న తప్పంతా నాదన్నట్టు నావంక చూశారు.

నాకు ఒళ్లు మండింది.

"నాన్నా, కొట్లో ముల్లు నిలబెట్టాక ఏం చేస్తారు?"

"ఏముంది? సరుకు తూస్తారు."

"మరి ఇందులో సరుకేదీ? పొద్దుట్నించీ ఖాళీ కాటాతో బేరం చేస్తున్నారు."

అమ్మ ఫక్కున నవ్వింది. నాన్న నవ్వలేదు. కడ్డీ వంక కాసేపు చూసి, లోపలికెళ్లి తన చిన్న త్రాసు తెచ్చారు. ఒక పళ్లెంలో రెండు గ్రాముల తూకంరాయి పెట్టి, రెండోదాని మీద సూది ఆనించి, ముల్లు నిలిచేదాకా వెనక బరువు కొంచెం కొంచెంగా తిప్పారు.

"చూశావా? వాడు రెండని గీత గీసిన చోట రెండు లేదు. దొంగవెధవలు," అన్నారు, కాస్త తేరుకుని.

అమ్మ రికార్డు ఇచ్చింది గాని ఆయన్ని దేన్నీ ముట్టుకోనివ్వలేదు. సూది తనే దించింది.

గొంతు నిండుగా గదిలోకి వచ్చింది. గాయని ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. పల్లవి దాటాక టక్కుమంది. రికార్డు తిరిగిన ప్రతిసారీ టక్.

"అది నేను చేసిందే," అన్నారు నాన్న, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక.

"తెలుసు," అంది అమ్మ తల తిప్పకుండా. "మాట్లాడకండి, పాట వస్తోంది."